రిమోట్‌కు కవరు, రంపానికి నిమ్మకాయ

ప్రతి ఇంట్లోనూ ఒక టేబుల్ సా ఉండి తీరాలి! ఫ్రిజ్ లేకపోయినా బతకొచ్చు, కుండ ఉంది. కరెంటు రంపం లేకుండా ఎలా బతుకుతున్నారండీ మీరంతా?

తెలియని అమాయకుల కోసం చెబుతున్నాను. అదొక ఇనప బల్ల. మధ్యలోని సందులోంచి పళ్ల చక్రం తల బయటపెట్టి గిర్రున తిరుగుతుంది. చెక్కను అటు తోస్తే రెండు ముక్కలై అవతల పడుతుంది. అటక మీది డబ్బాలు అందడం లేదు, ఒక స్టూలు చేయించండి అన్నాను మా ఆయనతో. ధనుంజయగారంటే కర్నూలు వన్‌టౌన్‌లో బట్టల కొట్టు ఆయనే. "చేయించేదేందే, నేనే చేస్తా" అన్నారు. అంతే, కల్లూరులో మా కొత్తింటి వెనక షెడ్డుకు మహర్దశ పట్టింది.

ఎంపికంటే అట్లా ఇట్లా కాదు. నన్ను చూడటానికి బద్వేలు వచ్చినప్పుడు ఆయన ఉప్మా చల్లారకముందే సరేనన్నారు. రంపాన్ని మాత్రం ఆర్నెల్లు చూశారు! మోటారు బలమెంత, చక్రానికి పళ్లెన్ని, చెక్కను ఆనించే పట్టీ నిలకడగా ఉంటుందా, వంకర పోతుందా? అన్నం ముందు వీడియో, పడక మీద వీడియో. ఇంత పరిశీలన ఆ రోజే చేసి ఉంటే పాపం, తప్పించుకునేవారు.

ఇక లాభాలు వినండి. మా ఆడబిడ్డ రాజ్యలక్ష్మమ్మ ఒంటిమిట్టలో కల్యాణం చూసుకుని, మా ఇంట్లో వారం ఉందామని వచ్చింది. మిషను మోగిన మర్నాడే బస్సెక్కింది! చీటీల వాళ్లు, చందాల వాళ్లు గేటు దగ్గరే చెవులు మూసుకుని వెనక్కి పోతున్నారు. దోసెలో టేకు పొట్టు పడుతోందా? పడనివ్వండి! పీచు తినమని డాక్టర్లే కదా చెబుతున్నారు.

పోషణ చూస్తే కళ్లు చెమరుస్తాయి. బల్ల తుప్పు పట్టకుండా కొవ్వొత్తి మైనం రుద్దుతారు, చక్రాన్ని సబ్బునీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో పన్నుపన్నూ తోముతారు. పెళ్లయినప్పటి నుంచీ తాగిన కాఫీ గ్లాసు కడగని మనిషండీ! నా మిక్సీ ఎన్నాళ్లుగానో కీచుమంటోంది. దానికి పళ్లు లేకపోవడమే దాని పాపం.

ఇంతకీ స్టూలేదీ అంటారా? తొందరెందుకు? మొదట మిషనుకు స్టాండు చేశారు. తర్వాత దాని పొట్టు పట్టే పెట్టె. ఆ తర్వాత చెక్కను తోసే కర్ర, ఆ కర్రను తగిలించే పలక. తన సామాను తానే చేయించుకునే వస్తువు ఇంకొకటి చూపించండి! "స్టూలూ..." అని నోరు తెరిస్తే చాలు, "మిషను సెట్ కానీయవే" అంటారు. నేను నూనె డబ్బా బోర్లించి అటక ఎక్కుతున్నాను.

ఒక్క చిన్న విషయం. మా ఇంట్లో టీవీ రిమోట్‌కు ప్లాస్టిక్ కవరుంది. కొన్ననాటి నుంచీ తీయలేదు. నంబర్లు కనబడవు, దేవుడి మీద భారం వేసి నొక్కుతాం. సోఫాకు కవరు, ఫ్రిజ్ పిడికి కవరు, కారు సీట్లకు షోరూమ్ వాడు తొడిగిన కవరు. అది చెమటకు వీపంతా అంటుకున్నా తీయనివ్వరు. అలాంటి ఇంట్లో రంపపు చక్రం మీదుండే మూతను మాత్రం తెచ్చిన రోజే ఊడబీకారు! చెక్క ఎదురు తిరిగి ఎగరకుండా చక్రం వెనక ఒక రేకుంటుంది, అదీ మూతతోపాటే వచ్చేసింది.

"అడ్డమొస్తాండాదే. గీత కనపడదు" అన్నారు.

"వేళ్లు తెగితే?"

"నిమ్మకాయ కట్టినా కదే! ఏం కాదులే."

నిజమే, ఆయుధపూజ నాడు కట్టారు, నాలుగు మిరపకాయలతో సహా. మరి మూత యాడికి పోయిందంటారా? బీరువాలో నా పట్టుచీరల పక్కన భద్రంగా ఉంది. గీతలు పడతాయని బుడగల కవరులో చుట్టి పెట్టారు!

పోయిన ఆదివారం మిషను తిరుగుతుండగానే పెన్సిలు కింద పడిందని ఆయన వంగారు. సగం తెగి చక్రం దగ్గరున్న చెక్క అదే క్షణంలో ఎగిరింది. ఆయన వీపు మీదుగా దూసుకెళ్లి వెనకున్న నీళ్ల డ్రమ్ముకు బొక్క పెట్టింది. ఆయన కడుపు ఉండాల్సిన ఎత్తులోనే ఉంది ఆ బొక్క.

పక్కింటి ఈరక్క పరుగెత్తుకొచ్చింది. "అయ్యో అక్కా, నీళ్లన్నీ పాయ కదక్కా! ఎల్లుండి దాకా కొళాయి రాదే!" అని గుండెలు బాదుకుంది. వీధి వీధంతా వచ్చి నీళ్ల గురించే బాధపడింది. మా ఆయన డ్రమ్ము నిమురుతూ, "శానా గట్టిదన్న్యాడే వాడు" అని అంగడివాణ్ని తిట్టారు. నేను మాత్రం ఆయన్నే చూస్తూ కూర్చున్నాను. కళ్లు మూసుకుని గజం బట్టను వేళ్లతో కొలిచి చెప్పే మనిషి. నాకు ఆ మనిషి కావాలి, ఆ వేళ్లన్నీ కావాలి. ఎవరితో చెప్పుకోను?

మిషను కొత్తలో ఆయనే నాకొకటి చూపించారు. దాని స్విచ్చులో చిన్న పసుపుపచ్చ తాళం ఉంటుంది. అది లాగేస్తే ఎంత నొక్కినా చక్రం తిరగదు. "ఇంట్లో చిన్నపిల్లలుంటే తీసి దాయాలంట" అన్నారు. మన ఇంట్లో పిల్లలెవరున్నారులే అనుకున్నాను అప్పుడు.

సోమవారం నుంచి ఆ తాళం కనబడటం లేదు! పొట్టంతా నా పిండి జల్లెడతో జల్లించారు. ఎలుకను అనుమానించారు, ఈరక్క పిల్లిని కూడా అనుమానించారు. షెడ్డు ఇంత శుభ్రంగా ఎన్నడూ లేదు.

మా ఆయన నా కాలమ్ చదవరు. "ఇంట్లో వింటానే ఉండా కదా" అంటారు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. మీలో ఎవరైనా ఆ కొట్టుకు చీరలకు పోతే, బేరం అయ్యాక ఒక్క మాట ఆయన చెవిన వేయండి. ముందు బీరువాలోంచి మూత తీసి, రేకుతో సహా బిగించమనండి. ఆ తర్వాత వంటింట్లో నా పోపుల డబ్బా తెరిచి, పసుపు గిన్నెలో చెయ్యి పెట్టమనండి.

రెండు చేతులూ పెట్టమనండి. పది వేళ్లకూ పసుపు అంటాక నాకు చూపించి, అప్పుడు తీసుకోమనండి తాళం.