మూగ అక్షరాల బాకీ

అన్యాయం జరిగింది ఎవరికి? దేముడమ్మకు. ఎలా జరిగింది? నలభై నాలుగేళ్ళ కిందట, ఆరో తరగతిలో, 'నైఫ్' అనే మాటకు ముందు నోరు పలకని 'కె' ఒకటి ఎందుకుండాలో ఆమెకు బోధపడలేదు. వినబడింది వినబడినట్టే రాసింది. ఇంగ్లీషు చెప్పే జగన్నాధం మాస్టారు ఆమెను మిట్టమధ్యాహ్నపు ఎండలో మోకాళ్ళ మీద నిలబెట్టి, వరసగా రెండేళ్ళు అదే తరగతి పరీక్ష తప్పించాడు. మూడో ఏడు ఆమె భావనపాడు ఒడ్డున చేపల తట్ట ఎత్తుకుంది.

ఆ మాస్టారే రిటైరయ్యాక, పొద్దుపోక, ఇంగ్లీషును ఉద్ధరించడానికి పూనుకున్నాడు. పలకని అక్షరాలన్నిటినీ తీసిపారేసి, ఎలా వినబడితే అలా రాసే కొత్త స్పెల్లింగు తయారుచేశాడు. ముప్పై తొమ్మిది అక్షరాలు, పన్నెండు సూత్రాలు, పచ్చ అట్ట పుస్తకం. ఏ తప్పుకు పిల్లలను ఉద్యోగం పొడుగునా బెత్తంతో కొట్టాడో, ఆ తప్పుకే తన పేరు పెట్టుకుని 'జగన్నాధ లిపి' అన్నాడు. టెక్కలి పెద్దమనుషులు ఆయనకు శనివారం సన్మానం తలపెట్టారు. శాలువా కప్పడానికి కారణం వెతుక్కునేవారికి ఏ ఊళ్ళోనూ కొరత లేదు.

బుధవారం ఉదయం దేముడమ్మ ఎప్పటిలాగే మాస్టారి అరుగు మీద తట్ట దించింది. ఏళ్ళ తరబడి ఆ ఇంటికి చేపలు ఇస్తున్నా, ఆయన తన పాత శిష్యురాలిని ఒక్కనాడూ పోల్చుకోలేదు. గుర్తుచేయడం తన పని కాదని ఆమె అభిప్రాయం.

ఆ రోజు ఆయన మనసులో ఒక పథకం ఉంది. అక్షరం ముక్క రాని మనిషిని వేదిక ఎక్కించి, పది నిమిషాల్లో తన లిపి నేర్పి, అందరి ముందూ ఇంగ్లీషు చదివించాలి. చేపలమ్మే మనిషికి చదువు వచ్చునా రాదా అన్నది అడిగి తెలుసుకోవలసిన సంగతిగా ఆయనకు తోచలేదు.

"శనివారం ఖాళీయేనా?" అన్నాడు.

పెద్దింటివాళ్ళు ఆ ప్రశ్న వేస్తే విందుకు చేపలు కావాలన్నమాట. ఆమె వ్యాపారంలో దానికి మరో అర్థం లేదు.

"ఖాళీయే మాస్టారూ. ఎంతమంది వొస్తారేటి?"

"రెండు వందలకు తక్కువ ఉండరు. భయమా?"

"నాకేటి బయిం? ఆరు వందల మంది పెళ్ళికి సేసినాను."

ఆమె ధైర్యానికి ముచ్చటపడి మాస్టారు లోపలికి వెళ్ళాడు. ఆమె తీరానికి వెళ్ళి ఎర్రన్న బోటుకు ముప్పై కిలోల వంజరం పురమాయించింది.

గురువారం ఆహ్వానపత్రిక అచ్చయింది. 'నిరక్షరాస్యురాలైన మత్స్యకార మహిళ దేముడమ్మచే ఆంగ్ల పఠన ప్రదర్శన' అని అందులో లావు అక్షరాలతో ఉంది. సాయంత్రానికి అది యమున చేతికి చిక్కింది. మత్స్యకార మహిళా సంఘానికి పన్నెండేళ్ళుగా దేముడమ్మే కార్యదర్శి. ఆ కుర్చీ మీద సంఘంలోనే ఉన్న యమునకు ఎప్పటినుంచో కన్ను. కార్యదర్శికి చదువు వచ్చి ఉండాలనీ, సంఘం పుస్తకం స్వహస్తంతో రాయాలనీ నియమం. యమున ఆ పత్రికను అర్జీకి గుచ్చి మత్స్యశాఖ ఆఫీసరుకు పంపింది. సన్మానానికి ముఖ్య అతిథి కూడా ఆ ఆఫీసరే. రెండు పనులూ ఒక్క ప్రయాణంలో తీరతాయన్న సంతోషంతో ఆయన నోటీసు ఇచ్చాడు: చదువు రాని మనిషి పన్నెండేళ్ళు పుస్తకం ఎలా రాసిందో శనివారం సభలోనే చెప్పాలి.

దేముడమ్మ నోటీసును రెండుసార్లు చదివింది. కుర్చీ పోతే పోతుంది. కాని పుస్తకం దొంగరాత అని తేలితే, దాని ఆధారంగా వలలు మంజూరైన నలభై ఇళ్ళనూ తిరగదోడతారు. మాస్టారి దగ్గరకు వెళితే, ఆయన తలుపు సందులోంచే, పత్రికలు పంచేశామనీ, నిరక్షరాస్యత సిగ్గుపడవలసిన విషయం కాదనీ ఓదార్చి, ఉపన్యాసం వల్లెవేసుకోవడానికి వెళ్ళిపోయాడు.

దారిలో యమున ఎదురైంది. "ఏటి పిన్నీ, పలక కొనుక్కున్నావా?"

"కొంటానే. నా పనయినాక నీకిచ్చేస్తాను, నీకు పనికొస్తాది."

బుధవారం పురమాయించిన చేపలు శనివారం మూడు ఐసుపెట్టెల్లో సభకు చేరాయి. నిర్వాహకులు అవి బహుమతులనుకుని భక్తిగా వేదిక పక్కన పేర్చారు. ఉపన్యాసాలు సాగిన కొద్దీ ఐసు కరిగింది. శాలువా కప్పే సమయానికి పెద్దమనుషులు వంజరం నీళ్ళలో నిలబడి ఇంగ్లీషు భవిష్యత్తును కొనియాడుతున్నారు. ఆఫీసరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

మాస్టారు తన లిపిలో రాసిన కాగితం అందించాడు. దేముడమ్మ దాన్ని బల్ల మీద బోర్లించి, ఆఫీసరు ముందున్న ఫైలు తీసుకుంది. పైనుంచి వచ్చిన ఇంగ్లీషు ఉత్తర్వును తడుముకోకుండా చదివి, తెలుగులో అర్థం కూడా చెప్పింది. ఎగుమతి పెట్టెల చీటీలూ, కోల్డ్ స్టోరేజీ రసీదులూ ఆమెకు నేర్పిన ఇంగ్లీషు అది. హాలంతా చప్పట్లు. ఆమె ఏం చదివిందో చూసుకోకుండానే మాస్టారు లేచి, తన లిపికి పది నిమిషాలైనా పట్టలేదని ప్రకటించాడు.

"అంటే ఇందాకటిదాకా ఈమెకు చదువు రాదు. మీరే సాక్షి," అంటూ ఆఫీసరు కలం తీశాడు. "అయితే ఆ సంఘం పుస్తకం దొంగరాతే."

దేముడమ్మ మైకు అందుకుంది. "మాస్టారూ, నాను మీకాడ ఆరో తరగతి రెండేళ్ళు సదివినాను. పలకని అచ్చరం ఎయ్యనేదని మోకాళ్ళ మీద నిలబెట్టినారు. ఇయ్యాల అవే అచ్చరాలు మీరు తీసేస్తే శాలువా కప్పుతన్నారు. నాకు మాత్రం ఎండ కప్పినారు."

మాస్టారు మొదటిసారి ఆమె ముఖం చూశాడు. చదువు రాదంటే నలభై ఇళ్ళ దొంగరాతకు తానే సాక్షి. వచ్చునంటే ప్రదర్శన బూటకం. పైగా ఆమె చదివింది, సామాన్యులకు ఈ జన్మలో రాదని తన పుస్తకం మొదటి పేజీలోనే శపించిన పాత స్పెల్లింగు. ఆయన ఆఫీసరు కలం వైపు చూశాడు, కోర్టు తలచుకున్నాడు, సత్యవంతుడయ్యాడు.

ఆమె తన శిష్యురాలనీ, చదవడం రాయడం అప్పుడే వచ్చుననీ, తాను అన్యాయంగా తప్పించాననీ, ఆ పరీక్షలో ఆమె ప్యాసయినట్టేననీ ఒప్పుకున్నాడు. దానిని తన లిపిలోనే రాసిస్తానన్నాడు. అది ఆఫీసులో ఎవరికీ తెలియదని ఆఫీసరు తోసిపుచ్చాడు. మాస్టారు శాలువా సర్దుకుని, లోకమంతా రాసే ఇంగ్లీషులో, మూగ అక్షరాలన్నిటితో సహా రాసి, సంతకం పెట్టి, తన చేత్తోనే శిష్యురాలికి ఇచ్చాడు.

నలభై నాలుగేళ్ళ బాకీ ఒక్క అక్షరం తగ్గకుండా తీరింది.