నిలువెత్తు గోప్యత

"ప్రజల రహస్యాలు నాకు ప్రాణంతో సమానం" అని మంత్రి చంద్రమౌళి గారు హన్మకొండ సభలో ప్రకటించారు. ప్రకటించి, వేదిక దిగి, ఆ రహస్యాలు పట్టుకురమ్మని సీఐ రమాకాంత్ గారిని పంపించారు. ప్రాణాన్ని ఎవరైనా తన దగ్గరే ఉంచుకోవాలనుకుంటారు కదా.

నా బట్టల దుకాణం పై అంతస్తులో తేజస్వి అనే అమ్మాయి 'మొక్కు' అనే యాప్ నడుపుతోంది. మేడారం తల్లులకు మొక్కిన మొక్కు అందులో రాసుకుంటే, కోరిక తీరగానే చెల్లించమని గుర్తుచేస్తుంది. తల్లులకు మతిమరుపు లేదు, మనకుంది. అందుకని నేనూ నా బరువుతో సహా రాసుకున్నాను: 'మంత్రిగారు ఓడిపోతే నిలువెత్తు బంగారం ఇస్తాను.' తల్లుల దగ్గర బంగారమంటే బెల్లమే. మన బరువుకు సమానంగా తూచి ఇస్తాం.

రోడ్డు వెడల్పులో నా దుకాణం ఉంచాలో కూల్చాలో మంత్రిగారు ఇంకా తేల్చలేదు. ఈ మొక్కు తెలిస్తే వెంటనే తేలుస్తారు. తన మీద మొక్కులు పడుతున్నాయని ఆయనకు ఎవరో చెప్పనే చెప్పారు. సీఐ గారు మెట్లెక్కగానే, చాయ్ ఇచ్చే నెపంతో నేనూ ఎక్కాను.

"బిడ్డా, సార్ ఓడిపోవాల్నని ఎవలెవలు మొక్కుతాండ్రో జర చూపెట్టు. దేశభద్రత ముచ్చట."

"ఇయ్య సార్. మొక్కు మొక్కినోళ్లకు, తల్లులకు నడుమ ఉంటది," అంది తేజస్వి.

"నడుమ మీ సర్వర్ ఉన్నది కదా?"

"ఉన్నది గని, మాకు సుత కనవడది. అంత తాళమేసి ఉంటది."

"నిజంగ ఎవ్వలకు కనవడదా?"

"కోర్టుకు పోయినా గంతే సార్."

సీఐ గారు టోపీ తీసి నుదురు తుడుచుకున్నారు. "శెబాష్ బిడ్డా. గిట్లనే గట్టిగుండు. నేను బెదిరించిన్నని చెప్పుకో," అన్నారు. మెట్లు దిగుతూ నన్నడిగారు: "సేటూ, నా బరువెంతుంటదంటవ్?"

మర్నాడు పేపర్లన్నీ తేజస్వి ధైర్యాన్ని మెచ్చుకున్నాయి. మంత్రిగారిది పెద్ద మనసు. తనను కాదన్న కంపెనీకి తానే సన్మానం పెట్టించారు. ఖర్చంతా ఆయన బావమరిది, బెల్లం హోల్‌సేల్ వ్యాపారి సారంగపాణి గారు భరించారు. దుకాణదారులందరినీ పిలిచారు. ముందు వరుసలో నాకు కుర్చీ, పక్కన సీఐ గారు.

శాలువా కప్పుకొని తేజస్వి మైకు అందుకుంది. "సర్కార్ అడిగినా ఇయ్యలే, ఇగ ముంగట సుత ఇయ్యం!"

నేను చేతులు నొప్పిపుట్టేలా చప్పట్లు కొట్టాను. నా దుకాణం నిలబడింది.

అప్పుడు నా జేబులో ఫోన్ మోగింది. సీఐ గారి జేబులోనూ మోగింది. వెనక వరుసల్లో వరసగా మోగుతూ పోయింది. తీసి చూశాను.

'శుభవార్త! మంత్రిగారు ఓడిపోగానే మీ నిలువెత్తు బంగారం మా దగ్గరే కొనండి. మీ బరువు డెబ్బై ఆరు కిలోలు. మా భాగస్వామి మొక్కు యాప్ భక్తులకు ప్రత్యేక తగ్గింపు. ఇట్లు, సారంగపాణి బెల్లం హోల్‌సేల్.'

తలెత్తాను. వేదిక మీద సారంగపాణి గారు బావగారి చెవిలో ఏదో చెబుతున్నారు. ఎవరెవరి జేబులు మోగుతున్నాయో మంత్రిగారు వరసలవారీగా, ఓపిగ్గా చూస్తున్నారు. చూస్తూ చూస్తూ నా దగ్గర ఆగి, చిరునవ్వుతో రెండు చేతులూ జోడించారు.