ఒరగని కారు

తొండియార్‌పేట పప్పుధాన్యాల వర్తక సంఘం రజతోత్సవానికి విచ్చేయు ముఖ్య అతిథిగారిని సంఘాధ్యక్షులు కామేశం శెట్టిగారు తమ సొంత కారులో ఊరేగించెదరని సభ్యులందరికీ తెలియజేయడమైనది. ఆ కారుకు చక్రాలు లేవన్న సంగతి తెలియజేయడం అవసరమనిపించలేదు.

చక్రాలు తప్ప దానికి వేరే లోటు లేదు. ఒకానొక జమీందారుగారి షెడ్డులోంచి కొన్న, ఇంగ్లండులో చేసిన పాత సీమకారు. ఇత్తడి హారను, తోలు సీట్లు, కావలసినంత పెద్దరికం ఉన్నాయి. చక్రాలను యుద్ధకాలంలో ఎవరో ఊడదీసుకుపోయారు. కుదుపు తెలియకుండా బండిని మోసే ఉక్కు పట్టీల కట్టలు, అదే కమాను కట్టలు, తుప్పు పట్టి విరిగాయి. ఇటుకల మీదున్న ఆ కారులో శెట్టిగారు రోజూ సాయంత్రం కాసేపు కూర్చుని లోకానికి దర్శనమిచ్చేవారు.

ఆయన దిగులంతా సంఘం కార్యదర్శి నాగలింగం గురించే. నాగలింగానికి కొత్త కారుంది. పైగా దానికి నాలుగు చక్రాలూ ఉన్నాయి. అతిథిగారు దాంట్లో ఎక్కితే వచ్చే ఎన్నికల్లో అధ్యక్ష పదవి కూడా అందులోనే ఎక్కి వెళ్ళిపోతుంది.

మెకానిక్ చిన్నతంబి ధైర్యం చెప్పాడు. "దిగులు పడబాకండి శెట్టిగారూ. సీమలో చేసినా ఈడ చేసినా చక్రం గుండ్రంగానే ఉంటాది."

సీమలో ఆ కంపెనీ ఎప్పుడో మూతపడింది. ముందు చక్రాలు రెండూ ఒక పాత లారీ నుంచి దొరికాయి. వెనక వాటికి సరిపోయే జత కోడంబాక్కంలో ఒక స్టూడియోవారి దగ్గర, కర్ణుడి రథానికి ఉందని తెలిసింది. శెట్టిగారు పట్టు ఉత్తరీయం వేసుకుని వెళ్ళారు. మేనేజరు కాఫీ ఇచ్చి, "కర్ణుడు చనిపోగానే పట్టుకెళ్ళండి," అన్నాడు. ఇంతలో కర్ణుడికి కామెర్లు వచ్చి షూటింగు ఆగింది. కర్ణుడు త్వరగా కోలుకుని త్వరగా చావాలని శెట్టిగారు గుళ్ళో అర్చన చేయించారు.

చివరికి ఆ ఘట్టం తీసేనాడు, చక్రం బురదలోకి దిగుతుంటే శెట్టిగారి ప్రాణం కూడా దాంతోనే దిగింది. ఇరుసుదాకా వచ్చేసరికి ఆగలేకపోయారు. కెమెరా తిరుగుతుండగానే పంచె ఎగగట్టి, కర్ణుడి పక్కన చేరి చక్రం ఎత్తసాగారు.

"శెట్టిగారూ, అది లేవకూడదు. శాపముంది," అన్నాడు డైరెక్టరు.

"శాపం మీ కర్ణుడికి. చక్రం నాది," అన్నారు శెట్టిగారు.

కమాను కట్టలకు అంత యుద్ధం జరగలేదు. ఎడమ పక్కకు లారీవి, కుడి పక్కకు జట్కావి దొరికాయి. చిన్నతంబి బిగించి ఇటుకలు తీసేశాడు. కారు కుడికి ఒరిగింది.

"ఏమండీ, ఒక పక్కకు వాలిందే," అంది శెట్టిగారి భార్య వాసవాంబ.

"నువ్వు నిలబడ్డ చోటు పల్లం."

ఆవిడ చోటు మార్చింది. ఆ చోటూ పల్లమేనని తేలింది.

"పెద్దమనిషి ఎడమ పక్క కూచుంటే సమం అయిపోతాది," అన్నాడు చిన్నతంబి. కాని గౌరవనీయులు కుడివైపే కూర్చోవాలని సంఘం నియమం. అతిథిగారు మంచి భారీమనిషి.

ఊరేగింపు దివ్యంగా సాగింది. అతిథిగారు రెండు చేతులతో తలుపు పట్టుకుని, "పాతికేళ్ళుగా ఎటూ ఒరగక నిటారుగా నిలిచిన సంఘమిది," అని ప్రసంగించారు. ఆయన ముఖానికి ఎదురుగా ఉండడం మర్యాద గనుక సభ్యులందరూ ఆయనతోపాటే ఒరిగి నిలబడ్డారు. నాగలింగం కాసేపు నిటారుగా నిలబడి చూశాడు. నలుగురూ తనను అదోలా చూస్తున్నారని గ్రహించి, అందరికంటే ఎక్కువ ఒరిగాడు. అది చూశాక శెట్టిగారి కడుపు నిండింది.

ఫొటోగ్రాఫరు యతిరాజులు మర్యాద తెలిసిన మనిషి. కెమెరాను కూడా కారు ఎంత ఒరిగిందో అంతే ఒరిగించి ఫొటో తీశాడు.

అందులో కారు నిటారుగా ఉంది. అతిథిగారు, శెట్టిగారు, సభ్యులు, అందరూ నిటారుగా ఉన్నారు. వెనక తన ఇంటి అరుగు మీద మామూలుగా నిలబడ్డ వాసవాంబ ఒక్కతే పక్కకు వాలిపోతోంది.

శెట్టిగారు మళ్ళీ ఏకగ్రీవంగా ఎన్నికయ్యారు. ఫొటో ఇప్పటికీ సంఘం హాల్లో ఉంది. చూడవచ్చినవాళ్ళు కారును మెచ్చుకుని, ఆ అరుగు మీది ఆవిడకు సరిగ్గా నిలబడడమైనా ఎవరూ నేర్పలేదా అని జాలిపడుతుంటారు. వెళ్తే మీరూ జాలిపడతారు.