సగంలో ఆగే పాట

కళ్లద్దాల షాపాయన పెళ్లాన్ని అనుమానించడం అదే మొదటిసారి. అలవాటు లేని పని కావడంతో మొదటి నుంచీ కంగాళీగానే చేశాడు.

ఆ ఆదివారం ఆవిడ బట్టలు మడత పెడుతూ కూనిరాగం తీస్తోంది. పేపరు చదువుతున్న ఈయన చెవి అటు పడేశాడు. వింటున్నకొద్దీ గుర్తొచ్చింది. అది తన కాలేజీ రోజుల నాటి రాక్ పాట. తను ప్రాణం పెట్టుకున్న ఆల్బమ్‌లో ఆఖరిది. గిటారు గొంతు చించుకుంటుంటే పాడేవాడు దానితో పంతానికి దిగే పాట.

పాట తెలిసి ఉండటం నేరమేమీ కాదు. ఆవిడ దాన్ని ఎక్కడ ఆపిందన్నదే చిక్కు. చరణం మధ్యలో, ఒక మాట సగంలో ఉండగా ఠక్కున ఆపేసి దిండు గలీబు అందుకుంది.

ఆ పాట అక్కడ ఆగేది లోకంలో ఒకే ఒక్క క్యాసెట్‌లో. హాస్టల్లో ఉండగా ఎవరినో బతిమాలి రికార్డు తెచ్చుకుని, ఈయనే దాన్ని క్యాసెట్‌కి ఎక్కించాడు. పాట మంచి ఊపులో ఉండగా టేపు అయిపోయింది. ఈయనా, బల్ల కనిపిస్తే చాలు వాయించేసి 'దరువు' అని పేరు తెచ్చుకున్న గదిమిత్రుడూ, చదువు అయ్యేదాకా ఆ సగం పాటనే విన్నారు. వెళ్లేటప్పుడు క్యాసెట్ దరువు పట్టుకుపోయాడు. పెళ్లయ్యాక ఈ ఇంట్లో తను ఒక్క ముక్క పాడిన పాపాన పోలేదని ఈయన నమ్మకం.

"ఆ పాట ఎక్కడిది?" అన్నాడు పేపరు దించకుండా.

"ఏ పాట?"

"ఇప్పుడు పాడావే, అది."

"నేనేం పాడాను? మీరు నిన్నటి పేపరే మళ్లీ చదువుతున్నారు, చూసుకోండి."

ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతుంది. నేర్చుకునేవాడు బండి ఎటు తిప్పబోతున్నాడో వాడికన్నా ముందే కనిపెట్టి, పక్క సీట్లోంచి బ్రేకు తొక్కడం ఆవిడ పని. అలాంటి మనిషి దగ్గర కూపీ లాగడం తన వల్ల కాదని ఈయనకి తెలుసు. అందుకని కళ్లు ఉచితంగా పరీక్షిస్తానని చెప్పి దరువును షాపుకి పిలిచాడు.

మర్నాడు దరువు వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈయన వాడి ముక్కు మీద పరీక్ష ఫ్రేము పెట్టి, ఉన్నవాటిలోకెల్లా మందమైన అద్దాలు బిగించాడు. ఇక వాడికి తలుపు ఎటుందో కూడా తెలియదు.

"మా ఆవిడ నీకు పెళ్లికి ముందే తెలుసా?"

"అక్షరాలు చదవమంటావనుకున్నాన్రా."

"చదువుదువుగానిలే. ముందు ఇది చెప్పు."

"మీ పెళ్లిలోనే చూశాను. అదీ వెనక వరసలోంచి."

"మరి ఆ క్యాసెట్ ఏమైంది?"

దరువు గోడ వైపు తిరిగి చెప్పాడు. "బాధపడతావని చెప్పలేదు. తీసుకెళ్లిన వారంలోనే మా అక్క దాని మీద వాళ్ల చంటిబాబు ఏడుపు రికార్డు చేసింది. జ్ఞాపకంగా ఉంటుందట."

"ఆ పాట మీద ఏడుపా?"

"నిజం చెప్పాలంటే, పెద్ద తేడా తెలియలేదురా."

ఈయన నమ్మలేదు. ఇంత చక్కగా అతికే సమాధానం ముందే సిద్ధం చేసుకుని ఉంటాడని తేల్చుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి పై వాటాలో ఉండే బ్యాంకు క్యాషియరు మెట్ల దగ్గర సైకిలు తుడుచుకుంటూ అదే పాట పాడుతున్నాడు. సరిగ్గా అక్కడే ఆపాడు. లోపల కూతురు తల దువ్వుకుంటూ అదే పాట, అక్కడే ఆపింది. చివరికి అత్తగారు కూడా మాత్రలు వెతుక్కుంటూ దాన్నే జోలపాటలా సాగదీసి, మాట సగంలో వదిలేసింది.

"అత్తయ్యగారూ, ఈ పాట మీకెవరు నేర్పారు?"

"ఏమో నాయనా, మీ ఇంటికొచ్చాకే నోటికొచ్చింది."

తను షాపులో ఉన్న వేళల్లో దరువు వచ్చి ఇంటిల్లిపాదికీ, పై వాటాకీ కలిపి సంగీతం నేర్పి పోతున్నాడన్నమాట. అనుమానం అలా పెరిగి పెరిగి దిగులుగా మారింది. ఇన్నేళ్లుగా తన పక్కనున్న మనిషికి తనకన్నా ముందు ఇంకెవరో ఇష్టమయ్యారేమో, తనతో సర్దుకుపోయి బతుకుతోందేమో అనిపించింది. ఆ వారమంతా తిండి సహించలేదు.

శనివారం టీ వేళకి అందరూ కూర్చున్నాక, ఫోన్లో పాట మొత్తం వెతికి పెట్టాడు. ఆ చోటు దాటగానే ఎవరి మొహం మారుతుందో చూడాలని ఆయన పథకం.

ఆ చోటు దాటింది. అందరి మొహాలూ మారాయి.

"ఇంకా ఉందా ఇది?" అంది అత్తగారు.

"నాన్నా, పాట తప్పుగా ఉంది," అంది కూతురు.

ఈయన భార్య వైపు తిరిగాడు. "నీకిది నేర్పిందెవరో చెప్పు. నేనేమీ అనను."

ఆవిడ ఫోన్ ఆపింది. "మీ దరువుగారు సోమవారమే ఫోన్ చేసి, మీరేం అడిగారో అంతా చెప్పారు. ఆయనకి ఇంకా మసకగానే కనిపిస్తోందట."

"మరి అప్పుడే చెప్పొచ్చుగా."

"అడుగుతారేమోనని చూశాను. అడగరే. నేర్పింది మీరే. రోజూ పొద్దున్నే బాత్రూంలో."

"నేను పాడను."

అత్తగారు తల పక్కకి తిప్పుకుంది.

"కాపురానికొచ్చిన మర్నాడే విన్నాను," అంది ఆవిడ. "అప్పుడు మీతో మాట్లాడాలంటేనే బెరుకు. లోపల మీరలా గొంతు చించుకుంటుంటే నవ్వొచ్చింది. ఫరవాలేదు, ఈ మనిషితో బతకొచ్చు అనుకున్నాను. పాట అంతేననుకున్నాను."

ఆయనకి ప్రాణం లేచి వచ్చింది. సిగ్గూ వేసింది. మర్నాడు నోరు బిగించుకుని బాత్రూంలోకి వెళ్లాడు. కాసేపటికి తలుపు మీద దబదబ మోత.

"ఏమండీ, ఒంట్లో బాగానే ఉందా?"

"జారిపడ్డాడేమో చూడవే," అంది అత్తగారు.

"నాన్నా, నువ్వు పాట ఆపాకే నేను బూట్లు వేసుకునేది. ఆట మొదలైపోతుంది."

పైనుంచి క్యాషియరు కిటికీలోంచి కేకేశాడు. "సార్, ఇవాళ ఆలస్యమా?"

చేసేది లేక ఎత్తుకున్నాడు. ఊపు రాగానే పరువు కాస్త నిలబెట్టుకుందామనిపించింది. మిగతా సగం నిన్న విన్నాడు కదా. ఆ చోటు దాటి, కొత్త మాట అందుకోబోయాడు.

"చాలండీ," అంది ఆవిడ బయట నుంచి. ఆయన ఆపేశాడు.