జెండాను మించిన యాంటెన్నా

నల్లమల అడవికి నోరు ఇస్తున్నట్టు శేషగిరిరావు గారు మార్కాపురంలో ప్రకటించారు. ఇన్ని యుగాలుగా అడవి మూగగా పడి ఉందనీ, ఆ సంగతి తనకు పోయిన మంగళవారమే తెలిసిందనీ, తెలిసిన క్షణం నుంచి ఒక్క ఇడ్లీ కూడా పూర్తిగా తినలేకపోతున్నాననీ ఆయన గద్గద స్వరంతో చెప్పేసరికి, ముందు వరుసలోని విలేకరి ఒకాయన తింటున్న ఇడ్లీని మర్యాదగా ప్లేటులో పెట్టేశాడు.

శేషగిరిరావు గారు అటవీ గ్రామాల సమాచార సాధికార మండలికి చైర్మన్. ఆ మండలిలో ఆయన ఒక్కరే సభ్యులు. అందుచేత తీర్మానాలన్నీ ఏకగ్రీవమే.

ఈ తీర్మానం పేరు ‘పలుకు రథం’. సెల్ సిగ్నల్ అందని పాలబండ గూడెంలో ఒక వైర్‌లెస్ సెట్టు ఉంటుంది. కొండ కింద, అడవి దారి మొదట్లో ఫోర్ వీల్ డ్రైవ్ జీపు నిలబడి ఉంటుంది. జీపులో ఇంకో సెట్టు. గూడెంలో ఎవరికి ఏ ఆపద వచ్చినా సెట్టులో పిలిస్తే చాలు, జీపు కొండెక్కి వచ్చి ఆసుపత్రికి తీసుకుపోతుంది.

జీపులో సెట్టు బిగించే భాగ్యం కంభం రోడ్డులో ఆటో ఎలక్ట్రికల్ షెడ్డు నడిపే రాజరత్నానికి దక్కింది. రాజరత్నానికి పెళ్లయి ఇరవై మూడు రోజులు. అందులో ఇరవై రెండు రోజులు అతని భార్య మగ్దలీన మధ్యాహ్నం క్యారియర్ తెచ్చి, పాత టైరు మీద కూర్చుని, అతను తినేదాకా కదల్లేదు. మిగిలిన ఒక్కరోజు వాన. ఆమె ఫిజిక్స్‌తో డిగ్రీ చేసింది. అతని చేతిలోని టెస్టరు లైటు వెలిగినప్పుడల్లా చప్పట్లు కొట్టేది. ఆ చప్పట్ల కోసం రాజరత్నం బాగున్న వైర్లను కూడా ఇంకోసారి టెస్టు చేసేవాడు.

జీపు షెడ్డుకు వచ్చిన రోజే పాలబండ గూడెం ఓబన్న తేనె అమ్ముకోవడానికి ఊళ్ళోకి వచ్చి, విషయం విని, షెడ్డు దాకా నడిచాడు. జీపు చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

“ఇదేనా అన్నా, పిలిస్తే పలికే బండి?”

“ఇదే. బిగిస్తాండా.”

“మా నాగమ్మకు నెలలు నిండినాయి. పోయినసారి డోలీ కట్టి మోసుకొచ్చినాం. సగం దారిలోనే బిడ్డ పోయినాడు.” ఓబన్న డోరు మీద చెయ్యి పెట్టి, కొత్త రంగు మాసిపోతుందేమోనని మళ్ళీ తీశాడు. “ఈసారి పిలిస్తే వస్తది గదా?”

“వస్తది,” అన్నాడు రాజరత్నం. మగ్దలీన వింటోంది కాబట్టి ఆ మాట ఇంకొంచెం గట్టిగానే అన్నాడు.

అన్నట్టే పని చేశాడు. సైరన్ లైనులో కలపకుండా నేరుగా బ్యాటరీ నుంచి ప్లస్సుకు ఎర్ర వైరు, మైనస్సుకు నల్ల వైరు లాగాడు. మధ్యలో ఫ్యూజు పెట్టాడు. జీపు టాపు మీద నాలుగడుగుల యాంటెన్నా నిలబెట్టాడు. గూడెం సెట్టును ఓబన్నతో కొండ మీదికి పంపి, మర్నాడు జీపును అడవి దారి మొదట్లోకి తీసుకుపోయి బటన్ నొక్కాడు. పన్నెండు కిలోమీటర్ల అవతలి నుంచి గొంతు వచ్చింది.

“అన్నా, అన్నం తిన్నావా?”

మగ్దలీన రోడ్డు మీదే ఎగిరి గంతేసింది. పక్కన పోతున్న మేకల మంద ఆగి చూసింది.

సాయంత్రం తనిఖీకి చైర్మన్ గారి పార్టీ క్రమశిక్షణ కన్వీనర్ అంజయ్య వచ్చాడు. క్రమశిక్షణ అంటే అంజయ్యకు ఎంత ప్రాణమో చెప్పలేం. నాయకుడి కారు తప్ప దేని ముందూ ఆయన నిలబడడు.

“ఎర్ర వైరు ఏంది? అది వేరే పార్టీ రంగు గదా?”

“ప్లస్సు సార్ అది.”

“వాళ్ళకు ప్లస్సు, మనకు మైనస్సు. తీసేయ్.”

వైర్లన్నీ పార్టీ రంగైన వంకాయ రంగుకు మారాయి. ప్లస్సేదో మైనస్సేదో తెలియడానికి మగ్దలీన తన చీర కుచ్చు దారం తెంపి ఒకదానికి కట్టింది. అంజయ్య ఈలోగా తల పైకెత్తాడు.

“ఆ పుల్ల ఏంది?”

“యాంటెన్నా సార్.”

“బానెట్టు మీద జెండా పెడతాం. జెండా కంటే అది ఎత్తుంటే సార్ మొహం ఏం కావాల?”

“అన్నా, దాని పొడవు ఫ్రీక్వెన్సీని బట్టి ఉంటది. మనం అనుకున్నంత పెట్టేది కాదు,” అంది మగ్దలీన.

“ఫ్రీక్వెన్సీ ఏ పార్టీ అమ్మా?”

“ఏ పార్టీ కాదన్నా.”

“అందుకే అట్ల మాట్లాడతాంది.”

“జెండా కర్రే పెద్దది చేద్దాం సార్,” అన్నాడు రాజరత్నం.

“కర్ర కొలత పైనుంచి రావాల తమ్ముడూ. మన చేతిలో ఉండేది కోసేదే.”

రాజరత్నం కొయ్యనన్నాడు. షెడ్డు ముందున్న బోర్డు రోడ్డు స్థలంలో ఉందని అంజయ్య ఎంతో ఆప్యాయంగా గుర్తుచేశాడు. యాంటెన్నా అడుగుకు తగ్గింది. జీపు సెట్టు ఇప్పుడు కేక వేస్తే వినపడేంత దూరం మాట్లాడుతోంది.

“గూడెం సెట్టు యాడుంది?”

“గూడెంలోనే సార్.”

“ప్రారంభం కాకుండానే వాడతాండారా?” అంజయ్య గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. “కొబ్బరికాయ కొట్టలేదు, రిబ్బన్ కట్ చెయ్యలేదు! రేప్పొద్దునకంతా దించండి.”

రాజరత్నం ఎంత మొత్తుకున్నా సెట్టు కొండ దిగింది.

ఆదివారం అడవి దారి మొదట్లో షామియానా వేశారు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు. రెండు సెట్లకూ పసుపు, కుంకుమ, పూలదండలు. గూడెం సెట్టు దండ తీసేసి, సెట్టును రాజరత్నం చేతిలో పెట్టి, అతన్ని వేదిక వెనక టార్పాలిన్ పట్టా చాటున కూర్చోబెట్టాడు అంజయ్య. ఒక కాగితం ఇచ్చాడు.

“ఈ పూటకు గూడెం నువ్వే. దీంట్లో ఉన్నదే చదువు.”

శేషగిరిరావు గారు జీపులో కూర్చుని మైకు అందుకున్నారు. “హలో పాలబండ! మీ సేవకుణ్ణి మాట్లాడుతున్నాను! ఓవర్!”

“మీ దయవల్ల గూడెమంతా చల్లగా ఉంది. ఓవర్,” అని పట్టా వెనక నుంచి రాజరత్నం చదివాడు. జనం ఈలలు వేశారు. అడవి మాట్లాడిందని శేషగిరిరావు గారు కళ్ళు తుడుచుకున్నారు.

అప్పుడే పట్టా వెనక చెట్లలోంచి నలుగురు మనుషులు డోలీతో దిగారు. ముందు ఓబన్న. డోలీలో నాగమ్మ.

“పొద్దున నొప్పులు మొదలైనాయన్నా. సెట్టు తీసుకపోయినారు గదా, ఎవర్ని పిలవాల? మోసుకొచ్చినాం.”

అంజయ్య పరుగెత్తుకొచ్చాడు. “మీరు పైన గూడెంలో ఉండారు! సార్ మీతోనే మాట్లాడతాండాడు! ఇక్కడ కనపడితే పరువేం కావాల? ఆ చెట్ల వెనక్కు పోండి!”

“ఆసుపత్రికి రావలసినవారు ఎవరైనా ఉన్నారా? ఓవర్!” సెట్టులో చైర్మన్ గొంతు.

కాగితంలో ‘ఎవరూ లేరు సార్, అంతా ఆరోగ్యమే’ అని ఉంది. రాజరత్నం నాగమ్మ వైపు చూశాడు. ఆమె వెదురు బొంగును పట్టుకున్న పిడికిలి తెల్లబడింది. మగ్దలీన అతని చేతిలోని కాగితం లాక్కుంది. రాజరత్నం బటన్ నొక్కాడు.

“ఉన్నారు సార్. ఓబన్న భార్య నాగమ్మకు నొప్పులు. జీపు ఇప్పుడే కావాల. ఓవర్.”

షామియానా దద్దరిల్లింది. మొదటి పిలుపు! శేషగిరిరావు గారు జీపు దిగి, జెండా ఊపి, “గూడేనికి! ఒక్క నిమిషం ఆలస్యం కాకూడదు!” అని గర్జించారు.

జీపు నిమ్మకాయలు తొక్కి, సైరన్ వేసుకుని, డోలీని పక్కకు జరగమని హారన్ కొట్టి, కొండ మీదికి దూసుకుపోయింది.

“వెనక్కు రండి! నాగమ్మ ఇక్కడే ఉంది! ఓవర్!” రాజరత్నం అరిచాడు. మొదటి మలుపు దాకా సైరన్ మోతలో డ్రైవరుకు వినపడలేదు. మలుపు తిరిగాక సెట్టులో ఉత్త గరగర.

రాజరత్నం సామాన్లు తెచ్చుకున్న ట్రాలీ ఆటో అక్కడే ఉంది. స్టేజీ మీది పరుపు ఒకటి మగ్దలీన ఎవర్నీ అడక్కుండా లాగి అందులో పరిచింది. నాగమ్మ తల ఒళ్ళో పెట్టుకుని, “గుంతలు చూసి తోలు బావా,” అంది. ఆటో ఆసుపత్రి గుమ్మంలో ఆగిన పది నిమిషాలకు ఆడపిల్ల పుట్టింది. ఏ యాంటెన్నా అక్కర్లేని గొంతు. వరండాలో మగ్దలీన చప్పట్లు కొట్టింది. ఓబన్న గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చాడు.

రెండు గంటల తర్వాత సైరన్ వినిపించింది. జీపు వెనకే శేషగిరిరావు గారు, అంజయ్య, ఫోటోగ్రాఫర్లు. జీపులోంచి స్ట్రెచర్ దించారు. దాని మీద బెల్టులతో బిగించి ఉన్నది ఓబన్న తల్లి కాశమ్మ. డెబ్బై ఏళ్ళు. మేకలను చూసుకోవడానికి గూడెంలో ఆగిన మనిషి.

“ఇండ్ల దగ్గర ఉండింది ఈమె ఒక్కతే సార్,” అన్నాడు డ్రైవరు. “ఖాళీగా రావద్దని అంజయ్యన్న ముందే చెప్పినాడు.”

అంజయ్య చైర్మన్ గారి చెవిలో ఏదో చెప్పాడు. చైర్మన్ గారు ఒక్క క్షణం ఆలోచించి, బాలింతల కిట్టు తెప్పించి, కాశమ్మ చేతుల్లో పెట్టి, “తల్లీబిడ్డా క్షేమం!” అని ప్రకటించారు. చుట్టూ ఉన్నవాళ్ళు జేజేలు కొట్టారు. కాశమ్మ కిట్టు విప్పి గుప్పెడంత టోపీని బయటికి తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఎవరికి నాయనా ఇది?”

“నీకే అవ్వా,” అన్నాడు ఫోటోగ్రాఫరు కెమెరా సరిచేసుకుంటూ. “ఇటు తిరిగి, కొంచెం నీరసంగా చూడు.”