కంప్యూటర్ ముట్టని కోడింగ్

కోడింగ్ నేర్చుకోవాలంటే కంప్యూటర్ ఉండాలనేది శుద్ధ మూఢనమ్మకం! ఇన్నాళ్ళూ ఈ నమ్మకాన్ని కంప్యూటర్లు అమ్ముకునేవాళ్ళు పనిగట్టుకుని పెంచి పోషించారు. దాన్ని బద్దలు కొట్టిన ఘనత మా ముత్తుకూరులోని ఒక ఇంగ్లీషు మీడియం స్కూలుకు దక్కింది. మా అమ్మాయి ఫేబీ అక్కడ తొమ్మిదో తరగతి చదువుతోంది కనుక ఈ విషయంలో నా మాట మీరు నమ్మాలి.

ఆ స్కూల్లో కంప్యూటర్లు లేవని నేననడం లేదు. అంత నింద వేస్తే కళ్ళు పోతాయి! ఒక గది నిండా ఉన్నాయి. ల్యాబ్ ప్రారంభం రోజున కరస్పాండెంట్ కామాక్షయ్య గారు కొబ్బరికాయ కొట్టారు, మా పాస్టరు గారి చేత ప్రార్థన చేయించారు, వచ్చినవాళ్ళందరికీ కేసరి పెట్టించారు, తాళం వేశారు. మళ్ళీ తాళం తీసేది ఆయుధపూజకే. ఆ రోజు ఒక్కో మెషీనుకూ గంధం, కుంకుమ పెడతారు. పిల్లలు చెప్పులు విడిచి, వరుసలో వచ్చి, కిటికీలోంచి చూసి వెళ్తారు. ఇంత భక్తి ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉంది చెప్పండి?

తాళానికి శాస్త్రీయమైన కారణం కూడా ఉంది. మా ఊరి గాలిలో ఒక పాలు రోడ్డు దుమ్ము, ఒక పాలు సముద్రపు ఉప్పు, మిగిలిన చోటేదైనా ఉంటే అందులో గాలి. పిల్లల ఊపిరితిత్తులు ఎలాగోలా సర్దుకుపోతాయి. కంప్యూటర్లు అలా కాదు, పాపం, సున్నితమైనవి. అందుకే వాటికి పూలపూల కవర్లు కుట్టించి లోపల దాచారు.

మరి పాఠం ఎలా చెబుతారంటారా? బోర్డు మీద! కంప్యూటర్ చెప్పే ఆండ్రూ సారు నిరుటిదాకా డ్రిల్లు మాస్టారు. ఆయన బోర్డు నిండా ప్రోగ్రాము రాస్తారు. పిల్లలు దించుకుంటారు. తర్వాత అందరూ గొంతు కలిపి, బ్రాకెట్లతో సహా చదువుతారు. లూప్ అంటే ఏమిటో ఎవరికీ అర్థం కాకపోతే ఆయన పాత విద్య అక్కరకొచ్చింది. గంట కొట్టేదాకా గ్రౌండు చుట్టూ పరిగెత్తమన్నారు. అదే లూప్! అంతులేని లూప్ పాఠం రోజున మాత్రం ప్యూను గంట కొట్టడం మరిచిపోవడంతో ఇద్దరు పిల్లలు కళ్ళు తిరిగి పడ్డారు. అయితేనేం, ఆ పాఠం వాళ్ళు జన్మలో మరిచిపోరు.

అన్నిటికన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. వీడియో గేముల వల్ల పిల్లకాయలు చెడిపోతున్నారని కామాక్షయ్య గారు ప్రతి మీటింగులోనూ బాధపడతారు. అసలు కంప్యూటరే ముట్టకపోతే గేములెలా ఆడతారు? ముల్లు గుచ్చుకుంటుందని కాలే కింద పెట్టనివ్వకపోవడం కన్నా మంచి కాపలా ఉందా?

ఇంత కాపలాలోనూ మా ఫేబీకి ఆ పిచ్చి పట్టింది. ఆడే పిచ్చి కాదు, గేము తయారుచేసే పిచ్చి! వాళ్ళ అమ్మమ్మది జువ్వలదిన్నె. అక్కడి హార్బర్‌లోకి పడవను అలల్లోంచి తప్పించి తీసుకురావడమే గేము. రొయ్యకు రెండు పాయింట్లు, వంజరం చేపకు పది. వల చిక్కుపడితే మొదటికి రావాలి. దాన్ని గురించి అన్నం తినేటప్పుడు చెబుతుంది, జడ వేయించుకునేటప్పుడు చెబుతుంది. నాకు సగం అర్థం కాదు. చెప్పేటప్పుడు దాని ముఖం చూడటం మాత్రం నాకెంతో ఇష్టం.

ఇంతలో నెల్లూరులో జిల్లా పిల్లలకు కోడింగ్ పోటీ పెట్టారు. గెలిచినవాళ్ళకు వేసవి సెలవుల్లో ఉచితంగా గేములు తయారుచేయడం నేర్పిస్తారట. స్కూలు తరఫున ఫేబీని పంపారు. పంపరా మరి? పరీక్షలో నూటికి నూరు! మా ఆవిడ పరంజ్యోతి చర్చిలో సండే స్కూలు టీచరు. పిల్లల చేత బైబిలు కంఠత వాక్యాలు చెప్పించడంలో ఆవిడను మించినవాళ్ళు లేరు. అదే పద్ధతిలో పుస్తకంలోని ప్రోగ్రాములన్నీ కూతురి చేత వల్లె వేయించింది.

పోటీ హాల్లో మేము వెనక కుర్చీల్లో కూర్చున్నాం. ఫేబీ వంతు వచ్చింది. లేచి నిలబడింది. చేతులు కట్టుకుంది, కళ్ళు మూసుకుంది. 'తొమ్మిదో తరగతి పుస్తకం, మూడో పాఠం, ఐదో ప్రోగ్రాము' అని మొదలుపెట్టి, మొత్తం అప్పజెప్పి, మళ్ళీ చివర 'తొమ్మిదో తరగతి పుస్తకం, మూడో పాఠం, ఐదో ప్రోగ్రాము' అని ముగించింది. వాక్యం చెప్పేవాళ్ళు అది ఏ అధ్యాయమో, ఎన్నో వచనమో ముందూ వెనకా రిఫరెన్సు చెప్పకపోతే చర్చిలో మార్కులు తగ్గిస్తారు. పరంజ్యోతి పక్కనుంచి 'ఆమేన్' అనబోయి ఆపుకుంది.

జడ్జిగా వచ్చిన మేడం మంచావిడ. నవ్వలేదు. "బాగా చెప్పినావమ్మా. ఇప్పుడు చేసి చూపించు" అన్నది.

ఫేబీ కూర్చుంది. ఎదురుగా ఉన్న నల్లటి తెర వైపు చూసింది. మా వైపు చూసింది. దాన్ని ఆన్ చేసేది ఎక్కడో తెలియదు. పక్క సీట్లో నాయుడుపేట నుంచి వచ్చిన భానుప్రియ అనే అమ్మాయి ఉంది. గేములాడి పూర్తిగా చెడిపోయిన పిల్ల! కీబోర్డు వైపు చూడకుండానే వేళ్ళు కదులుతున్నాయంటే ఇంకెంత చెడిపోయి ఉండాలి? ఆ చెడిపోయిన పిల్లే చెయ్యి చాపి మా అమ్మాయి కంప్యూటర్ ఆన్ చేసింది. 'ఏ' అక్షరం పక్కన 'బీ' ఎందుకు లేదని ఫేబీ తికమకపడుతుంటే, ఒక్కో అక్షరం చూపించింది.

ఇచ్చిన టైమంతా అయ్యేసరికి ఫేబీ తన పేరు కొట్టగలిగింది. తెర మీద తన పేరు చూసుకుని, పోటీ సంగతే మరిచిపోయి నవ్వింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వేసవి క్లాసులకు భానుప్రియ ఎంపికైంది.

మర్నాడు నేనూ పరంజ్యోతీ కామాక్షయ్య గారి దగ్గరికి వెళ్ళాం. వారానికొకసారైనా పిల్లల్ని ల్యాబులో కూర్చోబెట్టమని బతిమాలాం. ఆయన చాలా ఓపికగా విన్నారు. మార్కుల్లో ఏమైనా లోటు చేశామా అని అడిగారు. చేయలేదన్నాం.

"పిల్లకాయలు ముట్టుకుంటే పాడైపోవా? ఇన్నేళ్ళయినా కొత్తవి కొత్తగానే ఉండాయి, కావాలంటే కిటికీలోంచి చూసుకొని పోండి" అన్నారు.

చూసుకుని వచ్చాం. నిజంగానే కొత్తగా ఉన్నాయి.

ఆ సాయంత్రమే ఫేబీ ఒక అట్టపెట్టె చింపి, దాని మీద స్కెచ్ పెన్నుతో కీబోర్డు గీసుకుంది. భానుప్రియకు ఫోను చేసి, ఏ అక్షరం ఎక్కడుంటుందో అడిగి మరీ గీసింది. బడి నుంచి రాగానే దాని ముందు కూర్చుని పది వేళ్ళతో కొడుతుంది. కరెంటు అక్కర్లేదు, దుమ్ము పడితే దులిపేయొచ్చు, పాడైతే ఇంకో అట్ట! కంప్యూటర్ అనవసరమన్న నా సిద్ధాంతానికి ఇంతకన్నా రుజువేం కావాలి?

నిన్న పక్కన కూర్చుని చూశాను. వేళ్ళు మళ్ళీ మళ్ళీ అవే అక్షరాల మీద తిరుగుతున్నాయి. పడవ గేము మొదలుపెట్టావా అని అడిగాను. తల ఎత్తకుండా చెప్పింది.

"లేదు నాన్నా. ల్యాబు తలుపు తియ్యండి సార్ అని కొడతా ఉండా. రోజూ అదే."

అట్ట మీద కొట్టిన అక్షరాలు ఎవరికీ కనిపించవు. నా సిద్ధాంతంలో ఉన్న లోపం అదొక్కటే. అందుకని ఆ ఒక్క వాక్యాన్నీ మా అమ్మాయి తరఫున ఇక్కడ అచ్చు వేయిస్తున్నాను. కామాక్షయ్య గారు పొద్దున్నే కాఫీ తాగుతూ ఈ పత్రికే చదువుతారు.