పదమూడు సాకెట్లు

పాలకొల్లులో ఫిజిక్సు లెక్చరరుగా పనిచేసే ఉదయభాస్కర్, ఆ ఆదివారం పొద్దున్నే కాఫీ కలిపేలోగా నీళ్ల మోటారు బోల్టులు బిగించేద్దామని పెరట్లోకి దిగాడు. ఉన్నవి నాలుగే బోల్టులు. ఎంత నిదానంగా బిగించినా పావుగంట పని.

వారం రోజులుగా ఆ మోటారు మోత పెడుతోంది. స్విచ్చి వేసిన కాసేపటికి గడగడమని మొదలై ఇల్లంతా అదురుతోంది. పై వాటాలో అద్దెకుంటున్న లోవమ్మ రిటైరైన నర్సు. మోకాళ్ల నొప్పులున్నా ముందురోజు సాయంత్రం మెట్లు దిగి వచ్చి మరీ చెప్పింది. "మాస్టారూ, మీరు మోటారేస్తే మా వంటింట్లో గిన్నెలు వాటంతటవే నడుస్తున్నాయండి. బోల్టులు వదులైపోయుంటాయి, చూడండి."

"వీరబ్రహ్మానికి ఫోన్ చేశానండీ," అంది భార్య ఉమాశ్రీ వంటింట్లోంచి. వీరబ్రహ్మం మోటారు మెకానిక్కు. "జంగారెడ్డిగూడెంలో ఎవరిదో పామాయిల్ తోటలో పనిమీదున్నాడంట. రెండు దాటాక వస్తానన్నాడు. అందాకా మీరు దాని జోలికెళ్లకండి. తమ్ముడూ వాళ్లూ భోజనానికొస్తున్నారు."

ఉదయభాస్కర్‌కి తొందర పుట్టించింది ఆ చివరి మాటే. ఉమాశ్రీ తమ్ముడు మణిశంకర్ మెకానికల్ ఇంజనీరు. కొత్త కారు కొని, పెనుగొండ అమ్మవారి గుడిలో పూజ చేయించి, పెళ్లాంబిడ్డలతో అటునుంచి అటే వస్తున్నాడు. కిందటిసారి వచ్చినప్పుడు కుళాయి మార్చడానికి మనిషిని పిలిపించారని తెలిసి, "బావగారు కుళాయిని బోర్డు మీద గీయమంటే గీస్తారు గానీ, విప్పమంటే విప్పలేరక్కా," అని అందరి ముందూ నవ్వాడు. ఈసారి అతను వచ్చేసరికి మోటారు నిశ్శబ్దంగా తిరుగుతుండాలి. ఎవరు బాగుచేశారని అతనే అడగాలి.

ఫోనులో చూసి తెప్పించుకున్న సాకెట్ల పెట్టె తెరిచాడు. బోల్టు తలకి తొడిగే సాకెట్లు నంబర్ల వరసలో మెరుస్తున్నాయి, తిప్పడానికి ఒక పిడి. బోల్టు తల మీద తుప్పు గీకితే 8.8 అని అంకె కనిపించింది. సైజు రాసే ఉంది కదా అని సంతోషించి, తొమ్మిదో నంబరు తీసి పెట్టాడు. అది బోల్టు తలలో సగం కూడా పట్టలేదు. కంపెనీవాడు తప్పు కొట్టాడనుకుని, ఉమాశ్రీ కుట్టుమిషను డ్రాయరులోంచి టేపు తెచ్చి జాగ్రత్తగా కొలిచాడు. సరిగ్గా పదిహేను మిల్లీమీటర్లు.

పదిహేను నంబరు సాకెట్ ఎక్కింది గానీ వదులుగా ఆడింది. అట్టముక్క మడిచి సందులో దోపి, పిడి పట్టుకుని బలంగా లాగాడు. కిర్రుమంది. మళ్లీ లాగాడు. బయటికి తీసి చూస్తే ఆరు మూలలుండాల్సిన బోల్టు తల రేగుపండులా నున్నగా అయింది. అప్పుడు ఫోనులో వెతికితే, ఆ బోల్టుకి పట్టేది పదమూడు నంబరని తేలింది. పెట్టెలో పన్నెండుకీ పద్నాలుక్కీ మధ్య గుంట ఖాళీగా ఉంది. ఎప్పుడో సైకిలు సీటు బిగించి ఎక్కడ పెట్టాడో గుర్తులేదు.

అక్కడితో ఆగిపోయినా బాగుండేది. పోనీ ఇంకొక్కసారి అని పదిహేనుతోనే లాగాడు. సాకెట్ జారింది. మోచెయ్యి వెళ్లి ట్యాంకు నుంచి దిగే పైపుకి తగిలింది. పైపు పుటుక్కున విరిగి, నీళ్లు అతని మొహం మీదికి ఎగజిమ్మాయి.

"ఉమా!" రెండు చేతులతో పైపు మూసి పట్టుకుని అరిచాడు. "శ్యాంబాబు షాపుకి ఫోన్ చెయ్! పదమూడు సాకెట్! ఒక పైపు ముక్క కూడా!"

నీళ్ల హోరులో వినిపించినంత విని, ఉమాశ్రీ ఫోన్ చేసింది. శ్యాంబాబుది మెయిన్ రోడ్డు మీద హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ కలిసిన షాపు.

"పదమూడు సాకెట్లంటండీ. ఒక పైపు కూడానట."

"పైపంటే వైరింగు పైపేనాండి?"

"ఏమోనండి, పైపనే అన్నారు."

"ఆయ్, అర్థమైందండి. బిగించడానికి మనిషిని కూడా పంపమంటారా?"

"పంపితే మంచిదేనండి. ఆయనకి చేతకావట్లేదు," అంది ఉమాశ్రీ, గొంతు తగ్గించి.

ఈలోగా కింద జరుగుతున్నది లోవమ్మ బాల్కనీలోంచి చూసింది. ట్యాంకు ఖాళీ అయిపోయేలా ఉందని గ్రహించి, ఉన్న నీళ్లతో గబగబా మాసిన బట్టలన్నీ వాషింగ్ మెషిన్లో వేసేసింది. మిగిలిన నీళ్లు అందులోకి పోయాయి. ఉదయభాస్కర్ చేతుల మధ్య ధార సన్నబడి ఆగిపోయింది. తన పట్టు గట్టిదని అతను అనుకున్నాడు.

కాసేపటికి ఎలక్ట్రీషియన్ రాజ్ కుమార్ వచ్చాడు. సంచీలో పదమూడు ప్లగ్గు సాకెట్లు, భుజం మీద పొడుగాటి వైరింగు పైపు. గేటు దగ్గర ఎదురైంది లోవమ్మ.

"పదమూడు సాకెట్లు ఎక్కడ పెట్టాలండి?"

"పైనే అయ్యుంటుంది బాబూ. వంటింట్లో ఒక్క ప్లగ్గు పెట్టించండి మాస్టారూ అని రెండేళ్లుగా అడుగుతున్నాను. ఆయనకిప్పటికి దయ కలిగింది. రా, చూపిస్తాను."

రాజ్ కుమార్ మెయిన్ ఆపేసి గోడలు కొట్టడం మొదలెట్టాడు. వాషింగ్ మెషిన్ బట్టలతో సహా మధ్యలోనే ఆగిపోయింది. కింద ఉమాశ్రీకి ఫ్యాను ఆగడం తెలిసింది, ఠకఠకమని చప్పుడూ వినిపించింది. మొగుడు పైపు బాగుచేస్తున్నాడనుకుంది. పెరట్లో ఉదయభాస్కర్ ఆ చప్పుడు పక్కింటిదనుకున్నాడు. చప్పుడు ఎంతకీ ఆగక చూడ్డానికి వచ్చిన ఇద్దరూ మెట్ల దగ్గర ఎదురుపడి పైకి పరుగెత్తేసరికి గోడలకి ఏడు గుంటలు పడ్డాయి.

"చేసింది చేశావు, పూర్తి చేసి వెళ్లు బాబూ," అంది ఉమాశ్రీ నీరసంగా. కింద కారు హారన్ మోగింది.

మణిశంకర్ నుదుటి కుంకుమతో, పట్టు చొక్కాతో పెరట్లోకి వచ్చి, నిలువునా తడిసిన బావగారిని చూశాడు. బోల్టు చూశాడు. నవ్వు ఆపుకోవడానికి పెద్దగా ప్రయత్నించలేదు.

"8.8 అంటే బోల్టు ఎంత గట్టిదో చెప్పే నంబరు బావగారూ, సైజు కాదు. టేపుతో మూల నుంచి మూలకి కొలిచారా? పానా పట్టేది అంచుల్ని కదండీ. అంచు నుంచి అంచుకి కొలవాలి."

అతను చెప్పింది నిజమే కాబట్టి ఉదయభాస్కర్‌కి మరింత బాధేసింది.

పదమూడు పానా రాజ్ కుమార్ సంచీలోనే ఉంది. ఎవరూ అడగలేదని అతను ఇవ్వలేదు. తుప్పు బోల్టులు మార్చేద్దామని మణిశంకర్ ఆ పానాతో మూడింటిని చిటికెలో విప్పేశాడు. నున్నబడ్డ నాలుగోది కదల్లేదు. "దీనికో టెక్నిక్ ఉంది," అంటూ చొక్కా చేతులు మడిచి, ఉలి ఆనించి సుత్తితో ఒక్కటిచ్చాడు. బోల్టు ఊడలేదు. మోటారు కాలు ఊడింది.

మణిశంకర్ వంగి ఆ ముక్కని చేతిలోకి తీసుకున్నాడు.

"మణీ," అన్నాడు ఉదయభాస్కర్ మెల్లిగా, "నువ్వు కొట్టింది మూలా, అంచా?"

మోటారును గోనెసంచి మీద పక్కకి పడుకోబెట్టి, బావా బావమరుదులు పక్కింటి నుంచి బిందెలతో నీళ్లు మోశారు. పట్టు చొక్కా రంగు వదిలింది. ఫ్యాను లేని హాల్లో అందరూ చెమటలు కక్కుతూ తిన్నారు. ఉమాశ్రీ ఒక్క మాటా మాట్లాడకుండా వడ్డించింది. అది అందరికీ స్పష్టంగా వినిపించింది.

మూడు కావస్తుండగా వీరబ్రహ్మం వచ్చి, మోటారు పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఇది విరగ్గొట్టిందెవరండి?"

మణిశంకర్ తల దించుకున్నాడు. అక్క ముందు, పెళ్లాం ముందు, పిల్లల ముందు అతని మొహం వాడిపోవడం ఉదయభాస్కర్ చూశాడు. పొద్దున్నుంచీ ఎదురుచూసిన అవకాశం ఇదే. తీరా నోరు తెరిచేసరికి మాట వేరేగా వచ్చింది.

"ఇద్దరం పట్టాం బ్రహ్మం. తుప్పెక్కి ఉంది, విరిగిపోయింది."

మణిశంకర్ తలెత్తి బావగారి వైపు చూశాడు. ఏదో అనబోయాడు.

"పవర్ ఇస్తున్నానండోయ్!" పైనుంచి రాజ్ కుమార్ అరిచాడు.

మరుక్షణం గడగడమని మోత మొదలైంది. ఇల్లంతా అదిరింది. అందరూ ఒక్కసారిగా మోటారు వైపు తిరిగారు. వైరు లేకుండా, పైపు లేకుండా, ఒక కాలు లేకుండా అది గోనెసంచి మీద కదలకుండా పడుంది.

వీరబ్రహ్మం చెవి ఒగ్గి విని, మెట్లెక్కాడు. అందరూ వెనకే ఎక్కారు. లోవమ్మ వాటాలో, ఆగినచోటి నుంచి మళ్లీ అందుకున్న వాషింగ్ మెషిన్ బట్టలు పిండుతూ, వంటింటి గోడని గుద్దుకుంటూ మూలలో గంతులేస్తోంది. దాని కాళ్లలో ఒకటి నేలకి ఆనడం లేదు.

"రోజూ ఇలాగేనా అమ్మా?" అడిగాడు వీరబ్రహ్మం.

"వారమైంది ఆ మూలకి జరిపించి. రోజూ మాస్టారు మోటారు వేశాకే ఇది వేస్తాను, ట్యాంకులో నీళ్లు పడాలి కదా," అంది లోవమ్మ. "ఆ మోటారు మోతకి ఇది కూడా అదిరిపోతోందండి పాపం."

వీరబ్రహ్మం మెషిన్ ఆపి, వంగి కింద చెయ్యి పెట్టాడు.

"ఏ నంబరు పానా పడుతుంది?" బావా బావమరుదులు ఒకేసారి అడిగారు.

"దీనికి పానా ఏంటండి, చేత్తో తిప్పేదే." రెండు వేళ్లతో కాలును రెండు చుట్లు తిప్పి మళ్లీ స్విచ్చి వేశాడు. మెషిన్ చప్పుడు లేకుండా తిరగసాగింది.

లోవమ్మ మెషిన్ వైపూ, తడిసిన ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది.

"మరి మోటారు ఎందుకు విప్పారండి?"